నీటి బరువు మోసే పీఠం

నీరు చేతిలోకి తీసుకొంటే వేళ్ల సందుల నుండి జారిపోతుంది. అందువల్ల కాబోలు, దానిని బరువైన పదార్థంగా భావించే అలవాటు మనిషికి అంతగా లేదు. నూతి నుండి తోడిన బిందెను చంకన పెట్టుకొని ఇంటికి నడిచినవారికి ఆ బరువు ఎంతటిదో తెలుసు. కుళాయి తిప్పగానే నీరు వచ్చే ఇళ్లలో ఆ తెలివిడి క్రమంగా మరుగున పడింది. పెద్ద చేపల తొట్టిని కొని తెచ్చి, ఇంటిలో ఉన్న ఏదో ఒక బల్లపై ఉంచి, నీరు నింపే సందర్భంలో ఈ మరపు ప్రమాదానికి దారి తీస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు మోసుకొని రాగలిగిన గాజుతొట్టి, నిండిన తరువాత నలుగురు కలిసినా కదపరానిదవుతుంది. ఆ బరువును సంవత్సరాల తరబడి, రాత్రింబవళ్లు, రవంత కూడా ఒరగకుండా మోయవలసినది తొట్టి కింది పీఠం. చేపల రంగులను గురించి, వాటి ఆహారాన్ని గురించి దుకాణదారుని ఎన్నో ప్రశ్నలు అడిగే కొనుగోలుదారులు పీఠాన్ని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం సాధారణంగా కనిపించే విషయం.

గాజుతొట్టిలో జలచరాలను పెంచే అభిరుచి 19వ శతాబ్దపు ఇంగ్లండులో విస్తరించింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం మత్స్యశాల ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ‘ది అక్వేరియం’ అనే గ్రంథాన్ని వెలువరించగా, ఆ పేరు లోకంలో స్థిరపడింది. ఆనాటి తొట్లకు లోహపు చట్రం ఉండేది. గాజు పలకలను ఆ చట్రంలో పుట్టీతో బిగించేవారు. 20వ శతాబ్దపు రెండవ భాగంలో సిలికోన్ జిగురు వాడుకలోకి వచ్చిన తరువాత చట్రం అవసరం తీరిపోయింది. ఐదు గాజు పలకలను ఒకదానికొకటి అతికించి తొట్టిని తయారు చేయడం సాధ్యమైంది. చూపుకు అడ్డులేని అందం వచ్చింది కాని, పలకలను వంగకుండా పట్టి ఉంచే ఎముకల గూడు వంటి చట్రం పోయింది. ఆ బాధ్యతలో చాలా భాగం పీఠంపై పడింది.

ఒక ఉదాహరణను లెక్క వేసి చూస్తే ఈ బాధ్యత ఎంతటిదో అవగతమవుతుంది. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు గల తొట్టిని దుకాణాలలో నాలుగడుగుల తొట్టి అంటారు. పై అంచుకు 5 సెం.మీ. దిగువ వరకు నింపితే అందులో 297 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీటి బరువు ఒక కిలోగ్రాము కనుక నీరే 297 కిలోలు. 10 మి.మీ. మందం గల గాజు చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. ఐదు పలకల వైశాల్యం కలిపి సుమారు రెండున్నర చదరపు మీటర్లు కాబట్టి గాజు బరువు 63 కిలోలు. అడుగున 5 సెం.మీ. మందాన ఇసుక పరిస్తే, అది తొలగించే నీటిని మినహాయించినప్పటికీ మరొక 27 కిలోలు చేరుతాయి. మూత, దీపం, అలంకారపు రాళ్లు కలుపుకొంటే మొత్తం 400 కిలోలకు చేరుతుంది. సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. ఎనిమిది సిమెంటు బస్తాలను ఒక సన్నని బల్లపై పేర్చి, దాని పక్కనే చాప వేసి పసిపిల్లలను ఆడుకోనిచ్చే తల్లిదండ్రులు ఉండరు. ఆ బస్తాలే పారదర్శకంగా మారి వాటిలో బంగారు చేపలు ఈదుతూ ఉంటే మాత్రం ఎవరికీ భయం కలగదు.

ఈ బరువు కిందికి మాత్రమే పని చేస్తుందనుకోవడం పొరపాటు. నీరు తాను తాకిన ప్రతి గోడనూ బయటికి నెడుతుంది. లోతు పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. పై ఉదాహరణలోని తొట్టిలో పొడవైన ఒక్కొక్క పలకను నీరు బయటికి నెట్టే బలం సుమారు 180 కిలోల బరువుకు సమానం. ఈ బలాన్ని ప్రధానంగా గాజు మందమూ మూలలలోని సిలికోన్ అతుకులూ తట్టుకొంటాయి. తొట్టి సమతలంపై నిలిచి ఉన్నంత కాలం అవి తమ పని తాము చేసుకొనిపోతాయి. పీఠం మెలి తిరిగినప్పుడు చిక్కు మొదలవుతుంది. కర్ర కొంత వంగి సర్దుకొంటుంది. ఇనుము కూడా కొంత వంగుతుంది. గాజుకు ఆ ఓర్పు తక్కువ. రెండు మూడు మిల్లీమీటర్ల మెలిక కూడా అడుగు పలకలోనో, అతుకులోనో అదనపు ఒత్తిడిని కలిగిస్తుంది. తొట్టి ఆ రోజే పగలకపోవచ్చు. కొన్ని నెలల తరువాత, ఒక రాత్రి, ఇంటివారంతా నిద్రలో ఉండగా పగలవచ్చు. మూడు వందల లీటర్ల నీరు నేలపై పరచుకొంటుంది. చేపలు గాజు ముక్కల నడుమ మిగులుతాయి.

మెలిక ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఎగుడుదిగుడు నేలపై వేసిన నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది. మూడు కాళ్ల పీట ఊగదు. మూడు బిందువుల గుండా ఎల్లప్పుడూ ఒక తలం పోతుంది కనుక ముక్కాలిపీట ఎక్కడ వేసినా మూడు కాళ్లూ నేలను తాకుతాయి. నాలుగో కాలు ఆ తలంలోనే ఉండాలంటే నేల అయినా చదునుగా ఉండాలి, లేదా కాలి పొడవైనా సరిపోవాలి. ఒక కాలు పొట్టిదైనప్పుడు బరువులో అధిక భాగం ఎదురెదురు మూలలలోని రెండు కాళ్ల మీదికి చేరుతుంది. బల్ల గట్టిదైతే ఊగుతుంది. అంత గట్టిది కానప్పుడు, పైన 400 కిలోల బరువు ఉన్నప్పుడు, పొట్టి కాలు నేలను తాకే వరకు చట్రమే మెలి తిరుగుతుంది. అప్పుడు బల్ల ఊగడం ఆగిపోతుంది. చూసేవారు అది సర్దుకొన్నదని సంతోషిస్తారు. వాస్తవానికి నేలలోని లోపం గాజులోకి ప్రవేశించింది.

పీఠం నిర్మాణంలో మొదట తేల్చుకోవలసిన విషయం బరువు ప్రయాణించే మార్గం. తొట్టి నుండి దూలానికి, దూలం నుండి కాలుకు, కాలు నుండి నేలకు బరువు దిగాలి. ఈ దారిలో ఎక్కడా మేకుగాని, మరమేకుగాని బరువును తన మీద వేసుకోకూడదు. పల్లెలలోని పాత పెంకుటిళ్లను పరిశీలిస్తే ఈ సూత్రం కంటికి కనిపిస్తుంది. అక్కడ దూలం స్తంభం నెత్తిన కూర్చొని ఉంటుంది. స్తంభం పక్కన దూలాన్ని ఆనించి మేకులు కొట్టి వేలాడదీసిన వడ్రంగి ఎవరూ లేరు. ఇంటిలో తయారైన చేపల తొట్టి పీఠాలలో చాలా వాటికి ఈ వేలాడదీసే లోపమే ఉంటుంది. కాలికి పక్కగా అడ్డుచెక్కను పెట్టి నాలుగు మరమేకులు బిగిస్తే పని పూర్తయినట్లే కనిపిస్తుంది. అయితే ఆ బరువంతా ఆ సన్నని మేకుల మీదనే నిలుస్తుంది. చెక్కలోని రంధ్రాలు క్రమంగా సాగి, దూలం జానెడు దిగకపోయినా, వెంట్రుకవాసి దిగుతుంది. ఒక మూల దిగి మరొక మూల దిగకపోతే అదే మెలిక.

ఈ లోపాన్ని నివారించే ఉపాయం సులభమైనది. ప్రతి కాలును రెండు కర్రలతో కూర్చాలి. ఒక కర్ర దూలం కిందికి సరిగ్గా వచ్చి, దానిని నెత్తిన మోయాలి. రెండవది దూలం ఎత్తుకు కూడా పెరిగి, దానిని లోపలి వైపు నుండి పట్టుకొని ఉండాలి. మొదటిది మోస్తుంది, రెండవది జారకుండా చూస్తుంది. మేకులకు మిగిలే పని వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచడం మాత్రమే.

కాళ్ల బలాన్ని గురించి సాధారణంగా ఉండే భయం నిజానికి అనవసరమైనది. 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం, 75 సెం.మీ. ఎత్తు గల మంచి టేకు కర్ర ఒక్కటే, నిటారుగా నిలిచి ఉంటే, పైన చెప్పిన తొట్టి బరువు మొత్తాన్ని మోయగలదు. ఆరు కాళ్లు వేస్తే బలానికి కొరత ఉండదు. సన్నగా, పొడవుగా ఉండే కాళ్ల విషయం వేరు. అవి నలగడానికి ముందే పక్కకు వంగిపోతాయి. 18వ శతాబ్దపు గణిత శాస్త్రజ్ఞుడు లెనార్డ్ ఆయిలర్ ఈ వంపు నియమాన్ని కనుగొన్నాడు. దాని ప్రకారం, అదే మందం గల కాలు పొడవును రెట్టింపు చేస్తే అది వంగకుండా తట్టుకోగల బరువు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. సన్నని ఇనుప కడ్డీలతో ఎత్తుగా చేసిన పీఠాలకు నడుమ అడ్డుకడ్డీలు వేయడంలోని రహస్యం ఇదే. అడ్డుకడ్డీ కాలిని రెండు పొట్టి కాళ్లుగా విభజిస్తుంది.

అసలైన జాగ్రత్త దూలాల విషయంలో కావాలి. ఒకే కర్రను పడుకోబెట్టి వాడితే ఒక బలం, నిలబెట్టి వాడితే మరొక బలం. 4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం గల టేకు దూలాన్ని నాలుగడుగుల మేర ఆధారం లేకుండా పడుకోబెట్టి, దానిపై తొట్టి బరువులో సగం మోపితే అది నడుమ 3 మి.మీ.కు పైగా వంగుతుంది. అదే దూలాన్ని అంచుపై నిలబెడితే వంపు 1 మి.మీ. కంటే తగ్గుతుంది. దూలం గట్టితనం దాని నిలువు కొలత ఘనానికి అనులోమంగా పెరగడమే ఇందుకు కారణం. నిలువు కొలత రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది. ఇళ్ల కప్పులకు వాసాలను, దూలాలను నిలువుగా అమర్చిన పూర్వికులు ఈ సూత్రాన్ని అంకెలలో వ్రాయకపోయినా ఆచరణలో పాటించారు. దూలం నడుమ మరొక కాలు చేర్చితే ఆధారాల మధ్య దూరం సగమవుతుంది, వంపు 16వ వంతుకు పడిపోతుంది. నాలుగడుగుల పీఠానికి నాలుగు కాళ్లకు బదులు ఆరు కాళ్లు వేయడం వల్ల కలిగే లాభం ఇంతటిది. ముందు వైపు నడిమి కాలు తలుపులకు అడ్డు వస్తుందని కొందరు దానిని వదిలివేస్తారు. అలాంటప్పుడు దూలాన్ని మరింత లోతుగా, 5 లేదా 6 అంగుళాలకు, పెంచుకోవడం మంచిది.

దూలాలు, కాళ్లు సరిగా ఉన్నా పీఠం కూలిపోయే మార్గం మరొకటి ఉంది. కిందికి నొక్కే బరువుకు తట్టుకొన్న చట్రం పక్కనుండి తగిలిన చిన్న తాకిడికి ఒరిగిపోవచ్చు. నాలుగు పుల్లలను నాలుగు మూలలలో ఒక్కొక్క మేకుతో బిగించి చతురస్రంగా చేస్తే, చేతితో నెట్టగానే అది వాలు చతుర్భుజంగా మారిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం మారదు; భుజాల పొడవులు మారనిదే దాని ఆకారం మారదు. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెనను చూసినవారికి ఉక్కు త్రిభుజాల అల్లిక కళ్లకు కడుతుంది. పొలాలలో పిట్టలను తోలడానికి వేసే మంచె కాళ్లకు ఏటవాలుగా కర్రలు కట్టే రైతు పాటించేది కూడా ఇదే నియమం. చేపల తొట్టి పీఠంలో ఏటవాలు కర్రకు బదులు వెనుక వైపున, రెండు పక్కలా 12 మి.మీ. ప్లైవుడ్ పలకను జిగురుతోను, మరమేకులతోను బిగిస్తే చాలు. పలక అంతా అసంఖ్యాకమైన ఏటవాలు కర్రల సముదాయంలా పని చేస్తుంది. తలుపుల కోసం ముందు వైపు తెరిచి ఉంచినా, మిగిలిన మూడు వైపులూ మూతపడితే పీఠం ఒరగదు. పైపు కోసమో, విద్యుత్ తీగ కోసమో వెనుక పలకలో రంధ్రం చేయవలసి వస్తే దానిని మూలలకు దూరంగా, చిన్నదిగా చేయాలి.

సామగ్రి ఎంపికలో ప్రధాన శత్రువు తేమ. తొట్టిని శుభ్రం చేసిన ప్రతిసారీ కొంత నీరు పీఠంపై చిందుతుంది. రంపపు పొట్టును జిగురుతో నొక్కి తయారు చేసిన పలకల బల్లలు చూడడానికి నున్నగా, అందంగా ఉంటాయి. అంచులోకి నీరు చేరితే అవి ఉబ్బి, అటుకులవలె పొరలు విడిపోతాయి. పాత కంప్యూటర్ బల్లను చేపల తొట్టికి పీఠంగా వాడడం ఈ కారణం చేతనే వివేకం అనిపించుకోదు. ప్లైవుడ్ కొనేటప్పుడు దానిపై ముద్రించిన భారతీయ ప్రమాణ సంఖ్యను గమనించాలి. ఐ.ఎస్. 303 సాధారణ వాడుకకు ఉద్దేశించినది, ఐ.ఎస్. 710 తడిని ఎక్కువగా తట్టుకొనే మెరైన్ రకం. కర్రలలో టేకు శ్రేష్ఠమైనది కాని ఖరీదైనది. బాగా ఆరిన మద్ది, వేప కూడా ఉపయోగపడతాయి. పచ్చికర్ర మాత్రం పనికిరాదు. అది ఆరుతున్నకొద్దీ మెలి తిరిగి, అంతవరకు చేసిన శ్రమను వ్యర్థం చేస్తుంది. ఇనుప యాంగిళ్లతో వెల్డింగు చేయించిన పీఠాలు బలమైనవే. అయితే వెల్డింగు వేడికి చట్రం మెలిక పడే అవకాశం ఉంది కనుక, రంగు వేయడానికి ముందే దానిని చదునైన నేలపై ఉంచి నాలుగు మూలలూ పరీక్షించాలి.

పీఠం తయారైన తరువాత రెండు పరీక్షలు అవసరం. మూలమట్టంతో మూలలు సరిచూసి, ఎదురెదురు మూలల మధ్య దూరాలను కొలిచినప్పుడు రెండు కొలతలూ సమానంగా ఉండాలి. ఆ తరువాత 25 కిలోల బియ్యపు బస్తాలు పదహారు పేర్చి ఒక రోజంతా ఉంచాలి. నీటికి ముందు బియ్యంతో పరీక్షించడంలో ఒక సుఖం ఉంది: బియ్యం జారిపడినా ఏరుకోవచ్చు.

పీఠం ఎంత గట్టిదైనా దాని కింద ఉన్న నేల అంతకు సరిపోవాలి. ఐ.ఎస్. 875 ప్రకారం నివాస గదుల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అనగా సుమారు 200 కిలోల వినియోగ భారానికి రూపొందిస్తారు. పీఠంతో కలిపి 440 కిలోలు తూగే తొట్టి అర చదరపు మీటరు చోటుపై నిలుస్తుంది. అంటే ఆ చోటున చదరపు మీటరుకు 800 కిలోలు పడుతున్నాయి. గది మొత్తానికి లెక్కించిన భారంతో పోల్చితే ఇది చిన్నదే కనుక, మంచి స్థితిలో ఉన్న స్లాబుపై గోడ వెంబడి, దూలానికి లేదా స్తంభానికి దగ్గరగా ఉంచితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గది నడుమ గాని, ముందుకు పొడుచుకొని వచ్చిన బాల్కనీలో గాని ఉంచడం తగదు. పాత మిద్దెలపైన, పగుళ్లు కనిపించే స్లాబులపైన పెట్టదలచినవారు ముందుగా ఇంజనీరు సలహా తీసుకోవాలి. కాళ్లు నేరుగా టైల్సుపై నిలిస్తే, కింద బోలుగా ఉన్న టైలు పగలవచ్చు. కాళ్లన్నిటినీ కలుపుతూ అడుగున కూడా ఒక చట్రం ఉంటే బరువు పరచుకొంటుంది.

పీఠాన్ని నిర్ణయించిన చోట నిలిపి, రసమట్టాన్ని పొడవునా, అడ్డంగా, మూల నుండి మూలకు పెట్టి చూడాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే సన్నని గట్టి చెక్కముక్కలను పీఠానికీ నేలకూ మధ్య దూర్చి సరిచేయాలి. తొట్టికీ పీఠానికీ మధ్య అటువంటి ముక్కలు పెట్టడం గాజును ఒక బిందువుపై నిలబెట్టడమే. అడుగు పలక నేరుగా బల్లపై ఆనే తొట్టి అయితే, దాని కింద థర్మోకోల్ పలకను పరవడం అవసరం. ఇసుక రేణువు ఒక్కటి గాజు కింద చిక్కుకొన్నా చీలికకు నాంది కాగలదు. థర్మోకోల్ ఆ రేణువును తనలో ఇముడ్చుకొంటుంది. అయితే అది నలుసులకు మందే గాని, మెలిక పడిన పీఠానికి మందు కాదు. అడుగున ప్లాస్టిక్ అంచు గల తొట్లు ఆ అంచుపైనే నిలిచేలా తయారవుతాయి కాబట్టి వాటికి తయారీదారు సూచన లేనిదే ఏమీ పరవకూడదు.

తొట్టి పడిపోయే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 75 సెం.మీ. పీఠంపై నిలిచిన ఈ తొట్టి గరిమనాభి నేల నుండి దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. పీఠం వెడల్పు మాత్రం 45 సెం.మీ. 12, 13 డిగ్రీలు ముందుకు ఒరిగితే చాలు, అది తిరిగి నిలబడలేదు. నీరు ముందుకు పారడం వల్ల ఆ కోణం ఇంకా తగ్గుతుంది. పిల్లలు పీఠం తలుపును మెట్టుగా చేసుకొని ఎక్కడం అసాధారణమేమీ కాదు. పీఠం పైభాగాన్ని రెండు ఇనుప యాంగిల్ ముక్కలతో గోడకు బిగించడం అర్ధగంట పని. విద్యుత్ తీగలను ప్లగ్గుకు చేరే ముందు కిందికి వంపు తిరిగేలా వదిలితే, తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు వద్ద నేలకు రాలుతుంది; ప్లగ్గులోకి చేరదు.

నీటిని ఒక్కసారిగా నింపకూడదు. మొదట 5 సెం.మీ. మేర పోసి, నాలుగు మూలలలో నీటి ఎత్తును కొలబద్దతో కొలవాలి. నీరు తన మట్టాన్ని తానే వెదుక్కొంటుంది కనుక దానిని మించిన రసమట్టం లేదు. కొలతలు సరిపోతే సగం వరకు నింపి ఒక రోజు ఆగాలి. మరునాడు మూలలను మళ్లీ కొలిచి, పొడి గుడ్డతో అతుకులను తుడిచి, తడి లేదని తేలిన తరువాత మిగిలిన సగం నింపాలి. చేపలను వదలడం ఆ తరువాతి మాట. మొదటి సంవత్సరంలో నెలకొకసారి, ముఖ్యంగా వానాకాలంలో కర్ర తేమను పీల్చుకొనే రోజులలో, నీటి మట్టం నుండి గాజు పై అంచు వరకు గల దూరాన్ని నాలుగు మూలలా కొలిచి ఒక కాగితంపై వ్రాసి పెట్టుకోవాలి. నాలుగు అంకెల మధ్య తేడా నెలనెలా పెరుగుతున్నట్లు కనిపిస్తే, చేపలను వేరొక పాత్రలోకి మార్చి, నీటిని పూర్తిగా తోడి, పీఠాన్ని విప్పి చూడవలసి ఉంటుంది.